ఎక్కువ లాభమిచ్చే సరుకే ప్రణాళికలోంచి ఎందుకు తప్పుకుంది?

ఈ నెల గణిత శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో లీనియర్ ప్రోగ్రామింగ్ గురించి, అంటే ఉన్న పరిమితుల్లోనే అత్యుత్తమ కేటాయింపును కనుక్కునే గణితం గురించి, ముఖ్యంగా గరిష్ఠ లాభం కనుక్కునే లెక్కలను సింప్లెక్స్ పద్ధతిలో, అంటే మెట్టు మెట్టుగా పట్టికలు వేసి ప్రణాళికను మెరుగుపరుచుకుంటూ, సాధించడం గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. మొదటి ప్రశ్న మిగిలిన వాటన్నిటికీ మూలం కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాము.

ప్రశ్న: నేను డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాకు ఇచ్చిన లెక్క ఇది. ఒక చిన్న తయారీ కేంద్రంలో కారం, సాంబారు పొడి, కందిపొడి చేస్తారు. క్వింటాలు కారానికి వేయింపు 1 గంట, మర 2 గంటలు, ప్యాకింగు 1 గంట పడుతుంది. క్వింటాలు సాంబారు పొడికి ఇవే వరుసగా 3, 2, 1 గంటలు. కందిపొడికి 2, 1, 1 గంటలు. వారానికి వేయింపుకు 24 గంటలు, మరకు 24 గంటలు, ప్యాకింగుకు 18 గంటలు మాత్రమే దొరుకుతాయి. క్వింటాలుకు లాభం కారం మీద 4 వేలు, సాంబారు పొడి మీద 6 వేలు, కందిపొడి మీద 5 వేల రూపాయలు. పట్టికలు వేసుకుంటూ పోతే సాంబారు పొడి మొదటి మెట్టులోనే ప్రవేశించి, మూడో మెట్టులో బయటికి పోయింది. చివరికి కారం 8 క్వింటాళ్లు, కందిపొడి 8 క్వింటాళ్లు, లాభం 72 వేలు అని జవాబు వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ లాభమిచ్చే సరుకును అసలు చేయవద్దని రావడం చూస్తే నా లెక్క ఎక్కడో తప్పిందని అనిపిస్తోంది. నిజమేనా?
— ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: మీ లెక్క తప్పలేదు, జవాబు సరైనదే. మీకు కలిగిన అనుమానం మాత్రం చాలా విలువైనది, ఎందుకంటే దాన్ని తీర్చుకునే క్రమంలోనే సింప్లెక్స్ పద్ధతి ఏం చేస్తుందో పూర్తిగా అర్థమవుతుంది. పట్టికలోని అంకెల వెనుక ఉన్న సమీకరణాలను విడదీసి రాస్తే విషయం తేటపడుతుంది. కారం, సాంబారు పొడి, కందిపొడి ఎన్ని క్వింటాళ్లు చేయాలో వాటిని కా, సా, కం అందాము. వేయింపులో, మరలో, ప్యాకింగులో వాడకుండా మిగిలిపోయే గంటలను, అంటే స్లాక్ చలరాశులను, మి1, మి2, మి3 అందాము. అప్పుడు మొదటి పట్టిక చెప్పేది ఇది:

లాభం = 4 కా + 6 సా + 5 కం
మి1 = 24 − కా − 3 సా − 2 కం
మి2 = 24 − 2 కా − 2 సా − కం
మి3 = 18 − కా − సా − కం

ఏమీ తయారు చేయకపోతే లాభం సున్నా, గంటలన్నీ మిగులే. అక్కడి నుంచి బయలుదేరి, ఎక్కువ లాభం కనిపిస్తున్న సాంబారు పొడిని పెంచాము. వేయింపు గంటలు దాన్ని 8 క్వింటాళ్ల దగ్గర ఆపేస్తాయి. మర 12 దాకా, ప్యాకింగు 18 దాకా అనుమతించినా ప్రయోజనం లేదు. కాబట్టి మొదటి సమీకరణం నుంచి సా విలువను తీసి మిగిలిన వాటిలో ప్రతిక్షేపిస్తే, రెండో పట్టికలో ఈ రెండు వరుసలు వస్తాయి:

సా = 8 − కా/3 − 2 కం/3 − మి1/3
లాభం = 48 + 2 కా + కం − 2 మి1

ఇక్కడ కాసేపు ఆగి చూడండి, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు ఈ రెండో వరుసలోనే మొదలవుతోంది. కందిపొడి మీద లాభం 5 వేలు అని లెక్కలో ఇచ్చారు, కానీ ఇప్పుడు దాని ముందు 1 మాత్రమే ఉంది. క్వింటాలు కందిపొడికి 2 వేయింపు గంటలు కావాలి. ఆ గంటలన్నీ సాంబారు పొడి చేతిలో ఉన్నాయి కాబట్టి, రెండు గంటలు వదులుకోవాలంటే మూడింట రెండు వంతుల క్వింటాలు సాంబారు పొడి, అంటే 4 వేల రూపాయల లాభం, వదులుకోవాలి. 5 లోంచి 4 పోతే నికరంగా మిగిలేది 1. అదే విధంగా కారానికి ఒక్క వేయింపు గంటే చాలు కాబట్టి వదులుకోవలసింది 2 వేలే, నికరం 2 వేలు. కాబట్టి మొదట అన్నిటికన్నా తక్కువ లాభం చూపిన కారమే రెండో మెట్టులో ముందుకు వస్తుంది. సరుకు మీద ముద్రించినట్టు కనిపించే లాభాన్ని సింప్లెక్స్ ఒక్క మెట్టు దాటిన తరువాత నమ్మదు. దాని కోసం ఏం వదులుకోవాలో తీసివేసి, మిగిలిన దాన్నే లెక్కలోకి తీసుకుంటుంది.

రెండో మెట్టులో మర గంటలు కారాన్ని 6 క్వింటాళ్ల దగ్గర ఆపుతాయి. అప్పుడు సాంబారు పొడి కూడా 6 క్వింటాళ్లకు తగ్గుతుంది, ప్యాకింగులో 6 గంటలు మిగులుతాయి. వరుసలు ఇలా మారుతాయి:

కా = 6 + కం/4 + మి1/2 − 3 మి2/4
సా = 6 − 3 కం/4 − మి1/2 + మి2/4
మి3 = 6 − కం/2 + మి2/2
లాభం = 60 + 3 కం/2 − మి1 − 3 మి2/2

ఇప్పుడు క్వింటాలు కందిపొడి చేస్తే సాంబారు పొడి ముప్పావు క్వింటాలు తగ్గి 4,500 రూపాయలు పోతాయి, కారం పావు క్వింటాలు పెరిగి వెయ్యి రూపాయలు వస్తాయి, కందిపొడి తన వంతు 5 వేలు తెస్తుంది. మొత్తం మీద 1,500 రూపాయల మేలు. అందుకే కందిపొడి ప్రవేశిస్తుంది. అది పెరిగే కొద్దీ సాంబారు పొడి కరిగిపోతూ, కందిపొడి 8 క్వింటాళ్లు చేరేసరికి పూర్తిగా సున్నా అవుతుంది. చివరి పట్టికలోని లాభం వరుస ఇది:

లాభం = 72 − 2 సా − 2 మి1 − మి2

ఈ సమీకరణం చివరి ప్రణాళికకు మాత్రమే వర్తించేది కాదు. మొదటి సమీకరణాలను ప్రతిక్షేపించి రాబట్టినదే కాబట్టి, ఆ కేంద్రం పాటించగల ప్రతి ప్రణాళికకూ ఇది వర్తిస్తుంది. సా, మి1, మి2 ఎప్పుడూ రుణ సంఖ్యలు కాలేవు. అందువల్ల ఎవరు ఎలా కేటాయించినా లాభం 72 వేలు దాటదు. ఆ మూడూ సున్నా అయితేనే 72 వస్తుంది. జవాబు సరైనదన్న రుజువు పట్టికలోనే ఉంటుంది, విడిగా వెతకనక్కరలేదు. పరీక్షలో చాలామంది చివరి వరుసలో గుర్తులు సరిపోయాయని చూసి పట్టికను వదిలేస్తారు. ఈ ఒక్క వాక్యం జవాబు కింద రాసే అలవాటు చేసుకుంటే ఎందుకు ఆగామో అర్థమై ఆగినట్టు అవుతుంది.

ఇంకొక సంగతి కూడా ఆ వరుసలోనే ఉంది. మి1 ముందున్న 2, మి2 ముందున్న 1 అనేవి ఆ గంటల విలువలు, వీటినే షాడో ప్రైస్ అంటారు. ఒక వేయింపు గంట వృథా అయితే 2 వేలు నష్టం, ఒక మర గంట వృథా అయితే వెయ్యి నష్టం. ప్యాకింగులో ఎలాగూ 2 గంటలు మిగిలే ఉన్నాయి కాబట్టి దాని విలువ సున్నా. ఈ ధరలతో మూడు సరుకులనూ తూకం వేయండి. కారం 1 వేయింపు గంట, 2 మర గంటలు తీసుకుంటుంది, అంటే 4 వేల విలువ తీసుకుని 4 వేలే ఇస్తుంది. కందిపొడి 5 వేల విలువ తీసుకుని 5 వేలు ఇస్తుంది. సాంబారు పొడి మాత్రం 3 వేయింపు గంటలు, 2 మర గంటలు కలిపి 8 వేల విలువైన సమయాన్ని తిని 6 వేలే ఇస్తోంది. సా ముందున్న 2 ఆ లోటే. క్వింటాలు సాంబారు పొడి మీద లాభం 8 వేలు దాటితే తప్ప దాన్ని తయారు చేయడం ఆ కేంద్రానికి మేలు కాదు.

అదనంగా వేయింపు గంటలు దొరికే అవకాశం ఉంటే, ఒక్కో గంటకు అదనపు ఖర్చు 2 వేల లోపు ఉన్నంతవరకు తీసుకోవచ్చు. అయితే ఆ ధర 6 అదనపు గంటల వరకే నిలబడుతుంది. ఒక్కో అదనపు గంటకు ప్యాకింగు మిగులు మూడో వంతు గంట చొప్పున తగ్గి, ఆరో గంటకు అది కూడా అయిపోతుంది. ఆ తరువాత ప్యాకింగు కూడా కొరత సరుకుల జాబితాలో చేరుతుంది, ధరలన్నీ మారుతాయి. ఇప్పటికైతే ప్యాకింగు యంత్రం కొనడానికి పెట్టే డబ్బు పైసా లాభం తేదు.

ప్రశ్న: పివట్ వరుసను, అంటే బయటికి పంపే చలరాశి వరుసను, ఎంచుకునేటప్పుడు కనిష్ఠ నిష్పత్తిని మాత్రమే ఎందుకు తీసుకోవాలి? రుణ సంఖ్యలతో భాగించగా వచ్చిన నిష్పత్తులను ఎందుకు వదిలేయాలి? అవి ఇంకా చిన్నవే కదా?
— బీఎస్సీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: పై లెక్కనే తీసుకోండి. మొదటి మెట్టులో 8, 12, 18 (అంటే 24/3, 24/2, 18/1) అనే నిష్పత్తుల్లో 8ని వదిలి 12ని ఎంచుకున్నామనుకుందాము. 12 క్వింటాళ్ల సాంబారు పొడికి 36 వేయింపు గంటలు కావాలి, ఉన్నవి 24. మి1 విలువ −12 అవుతుంది. అంటే ఆచరణలో లేని ప్రణాళికను కాగితం మీద రాసుకున్నట్టు. కనిష్ఠ నిష్పత్తి అంటే పెంచుకుంటూ పోతున్నప్పుడు అన్నిటికన్నా ముందు తగిలే అడ్డంకి అని అర్థం.

రుణ సంఖ్యల విషయానికి వస్తే, మూడో మెట్టులో కందిపొడి నిలువు వరుసలో కారం ఎదురుగా పట్టికలో −1/4 ఉంటుంది. సమీకరణంలో చూస్తే అది + కం/4. కందిపొడి పెరిగితే కారం కూడా పెరుగుతుంది. పెరుగుతున్న రాశి ఎన్నటికీ సున్నాకు చేరదు కాబట్టి అటువైపు నుంచి అడ్డంకి లేదు, దానికి నిష్పత్తి కట్టడంలో అర్థం లేదు. ఆ నిలువు వరుసలో ధన సంఖ్య ఒక్కటీ లేకపోతే అడ్డంకే లేదన్నమాట, లాభం హద్దు లేకుండా పెరుగుతుంది. నిజమైన వ్యాపారంలో అలా జరగదు కాబట్టి, లెక్క అలా తేలితే ఏదో ఒక నిబంధన రాయడం మరిచిపోయారని భావించి మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోవాలి.

ప్రశ్న: ఒక పుస్తకంలో చివరి వరుసలో అత్యధిక ధన సంఖ్యను, ఇంకొక పుస్తకంలో అత్యధిక రుణ సంఖ్యను ఎంచుకోమన్నారు. ఏది సరైనది? రెండు నిష్పత్తులు సమానమైతే ఏం చేయాలి?
— కాస్ట్ అకౌంటెన్సీ ఇంటర్ విద్యార్థి, విజయవాడ

జవాబు: రెండూ ఒకటే. ఒకరు సరుకు లాభంలోంచి వదులుకున్న విలువను తీసివేస్తారు, ఇంకొకరు వదులుకున్న విలువలోంచి లాభాన్ని తీసివేస్తారు. గుర్తు మారుతుంది, ఎంపిక మారదు. ఒకే లెక్కలో రెండు పద్ధతులనూ కలపకుండా ఉంటే చాలు.

అత్యధిక సంఖ్యనే ఎంచుకోవాలన్నది కూడా ఒక ఆనవాయితీ మాత్రమే, తప్పనిసరి కాదు. మేలు చేసే ఏ చలరాశిని ఎంచుకున్నా పద్ధతి సరిగానే నడుస్తుంది. తెనాలి విద్యార్థిని లెక్కలో సాంబారు పొడికి బదులు కందిపొడితో మొదలుపెట్టి చూడండి. 12 క్వింటాళ్లకు లాభం ఒక్కసారిగా 60 వేలు అవుతుంది. రెండో మెట్టులో కారం ప్రవేశించి నేరుగా 72కు చేరుతాము. మూడు మెట్ల పని రెండు మెట్లలో అయిపోతుంది. యూనిట్‌కు 6 వేలు చొప్పున 8 యూనిట్ల కన్నా, 5 వేలు చొప్పున 12 యూనిట్లు ఎక్కువ కదా. ఎంత ఏటవాలుగా ఉందో చూడడంతో పాటు ఎంత దూరం ఎక్కగలమో కూడా చూస్తే ఒక్కోసారి ఇలా కలిసివస్తుంది. పరీక్షలో మాత్రం మీ అధ్యాపకులు చెప్పిన నియమాన్నే పాటించండి, దిద్దేవారికి మెట్లు సరిచూడడం సులువవుతుంది.

నిష్పత్తులు సమానమైతే ఏదో ఒకటి ఎంచుకోండి. అప్పుడు తరువాతి పట్టికలో బేసిస్‌లోని, అంటే సమీకరణాల్లో ఎడమవైపు ఉన్న, ఒక చలరాశి విలువ సున్నాగా ఉంటుంది, ఒక మెట్టు ఎక్కినా లాభం పెరగకపోవచ్చు. అలా పెరగని మెట్ల మీదుగా తిరిగి తిరిగి మొదటి పట్టికకే చేరే ప్రమాదం ఉందని 1955లో బీల్ ఒక చిన్న ఉదాహరణతో చూపించాడు. 1977లో బ్లాండ్ దానికి సులువైన విరుగుడు చెప్పాడు: చలరాశులకు ముందే వరుస సంఖ్యలు ఇచ్చి, ప్రవేశించేదాన్ని ఎంచుకునేటప్పుడూ బయటికి పంపేదాన్ని ఎంచుకునేటప్పుడూ అర్హమైన వాటిలో చిన్న సంఖ్య ఉన్నదాన్నే తీసుకోవాలి. అలా చేస్తే చక్రంలో చిక్కుకోవడం అసాధ్యమని అతను నిరూపించాడు.

ప్రశ్న: కర్మార్కర్ పద్ధతి వచ్చిన తరువాత సింప్లెక్స్ పాతబడిపోయిందని విన్నాను. ఇంకా పాఠ్యాంశాల్లో ఎందుకు ఉంచుతున్నారు?
— విశ్రాంత అధ్యాపకులు, రాజమహేంద్రవరం

జవాబు: పాతబడిందన్నది సరికాదని మా అభిప్రాయం, అయితే ఆ మాట వెనుక నిజమైన చరిత్ర ఉంది. 1939లో లెనిన్‌గ్రాడ్‌లో కాంటొరోవిచ్ ప్లైవుడ్ పరిశ్రమకు యంత్రాల మీద పనిని కేటాయించే సమస్యను పరిశీలిస్తూ ఈ తరహా లెక్కలను మొదటగా ఒక శాస్త్రంగా మలిచాడు. ఆ కృషి చాలాకాలం బయటి ప్రపంచానికి తెలియలేదు. 1947లో అమెరికా వైమానిక దళంలో పనిచేస్తున్న జార్జ్ డాంట్జిగ్ స్వతంత్రంగా సింప్లెక్స్ పద్ధతిని రూపొందించాడు. 1975లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి కాంటొరోవిచ్‌కూ కూప్‌మన్స్‌కూ దక్కింది, డాంట్జిగ్‌కు దక్కలేదు. అది ఇప్పటికీ మనసుకు కష్టం కలిగించే విషయమే.

కొత్త పద్ధతికి తొలి పెద్ద పరీక్ష ఒక ఆహారం లెక్క. ఒక మనిషికి కావలసిన 9 పోషకాలను 77 పదార్థాల నుంచి అతి తక్కువ ఖర్చుతో ఎలా సమకూర్చవచ్చో స్టిగ్లర్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1945లో ప్రకటించాడు. తెలివైన ఊహలతో, కొన్ని కలయికలను సరిచూసి, 1939 ధరల ప్రకారం ఏడాదికి 39.93 డాలర్లు అని తేల్చాడు. 1947లో లాడర్‌మన్ పర్యవేక్షణలో గుమాస్తాలు చేతితో నడిపే గణన యంత్రాల మీద సింప్లెక్స్ పద్ధతిలో దాన్నే సాధించారు. 120 మనిషి దినాల పని పట్టింది. వచ్చిన జవాబు 39.69 డాలర్లు. తేడా 24 సెంట్లే అయినా, మొదటిది మంచి ఊహ, రెండోది అంతకన్నా తగ్గదని నిరూపించిన సంఖ్య.

దెబ్బ 1972లో తగిలింది. క్లీ, మింటీ అనే ఇద్దరు గణితవేత్తలు ఒక ప్రత్యేకమైన లెక్కల కుటుంబాన్ని తయారు చేశారు. అత్యధిక సంఖ్యను ఎంచుకునే నియమంతో పోతే, ఆ లెక్కల్లో సింప్లెక్స్ సాధ్య ప్రాంతపు (నిబంధనలన్నీ పాటించే ప్రణాళికలు కలిసిన ప్రాంతపు) ప్రతి మూలనూ తొక్కి గానీ గరిష్ఠాన్ని చేరదు. 3 చలరాశులుంటే 7 మెట్లు. 50 ఉంటే పదకొండు కోట్ల కోట్లకు పైగా మెట్లు. 1979లో సోవియట్ గణితవేత్త ఖచియాన్ ఇలాంటి పేలుడు ఎన్నటికీ జరగని పద్ధతి ఒకటి ఉందని చూపాడు కానీ అది ఆచరణలో నెమ్మది. 1984లో బెల్ లేబొరేటరీస్‌లో ఉన్న మన దేశస్థుడు నరేంద్ర కర్మార్కర్ మూలల వెంట నడవకుండా ప్రాంతం లోపలి నుంచే గరిష్ఠం వైపు సాగే పద్ధతిని ఇచ్చాడు. అది సిద్ధాంతంలోనూ ఆచరణలోనూ వేగమైనది. చాలా పెద్ద లెక్కల్లో ఆ కుటుంబానికి చెందిన పద్ధతులే తరచుగా ముందుంటాయి.

అయినా నిత్యజీవితంలో ఎదురయ్యే లెక్కలు క్లీ, మింటీల లెక్కల్లా ఉండవు. సాధారణంగా సింప్లెక్స్ కొద్ది మెట్లలోనే ముగుస్తుంది. దానికి ఇంకొక బలం ఉంది. వచ్చే వారం వేయింపు గంటలు 24కు బదులు 20 అయితే, లేదా కొత్త నిబంధన ఒకటి చేరితే, మళ్లీ మొదటి నుంచి చేయనక్కరలేదు, చివరి పట్టిక నుంచే కొనసాగించవచ్చు. ఒకే లెక్కను కొద్ది మార్పులతో వేలసార్లు సాధించవలసిన చోట ఈ గుణం ఎంతో అక్కరకు వస్తుంది. అందుకే ఈనాటి సాఫ్ట్‌వేర్లలో రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉంటాయి.

ప్రశ్న: మాది చిన్న చెక్కపని దుకాణం. ఇలాంటి లెక్కలో జవాబు భిన్నంలో వస్తే దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించుకుంటే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పొడుల్లాగా తూకం వేసి అమ్మే సరుకైతే భిన్నాలతో ఇబ్బందే లేదు. మీ సరుకుకు మాత్రం ఆ సవరణ ప్రమాదకరం. మంచానికి 4 రోజుల పని, 10 వేల లాభం అనుకోండి. బీరువాకు 5 రోజుల పని, 13 వేల లాభం. చేతిలో ఉన్నవి 8 రోజులు. సింప్లెక్స్ ప్రకారం బీరువాలు 1.6 చేయాలి, మంచాలు చేయనక్కరలేదు, లాభం 20,800. రెండు బీరువాలకు సవరిస్తే 10 రోజులు కావాలి, లేవు. ఒకటికి తగ్గిస్తే 13 వేలే వస్తుంది, మిగిలిన 3 రోజుల్లో మంచం కూడా పూర్తికాదు. నిజానికి ఉత్తమమైనది బీరువా ఊసే లేకుండా రెండు మంచాలు చేయడం, లాభం 20 వేలు. సవరణ మనల్ని అటువైపు తీసుకుపోనే లేదు.

ఇలాంటి పూర్ణసంఖ్యల లెక్కలకు 1958లో గొమరీ ఒక పద్ధతిని, 1960లో లాండ్, డొయిగ్ ఇంకొక పద్ధతిని చూపారు. రెండో దాన్ని మీ లెక్కకు ఇలా అన్వయించవచ్చు. బీరువాలు 1.6 కాలేవు కాబట్టి, ఒకటి లేదా అంతకన్నా తక్కువ అన్న నిబంధనతో ఒక లెక్క, రెండు లేదా అంతకన్నా ఎక్కువ అన్న నిబంధనతో ఇంకొక లెక్క విడివిడిగా చేస్తాము. రెండోదానికి సాధనే లేదు. మొదటిదానిలో ఒక బీరువా, ముప్పావు మంచం, 20,500 రూపాయలు వస్తాయి. మంచం మీద మళ్లీ అలాగే రెండుగా చీలుస్తాము. ఒక మంచం లేదా అంతకన్నా ఎక్కువ అన్న కొమ్మలో బీరువా 0.8కు తగ్గుతుంది, దాన్ని ఇంకొకసారి చీలిస్తే బీరువా సున్నా, మంచాలు రెండు, లాభం 20 వేలు అని తేలుతుంది. మంచాలు అసలు వద్దన్న కొమ్మలో 13 వేలే వస్తాయి కాబట్టి దాన్ని ఇక తవ్వనక్కరలేదు. ఒకటి రెండు సరుకులైతే ఈ పని కాగితం మీదే అవుతుంది. సరుకులు పెరిగితే కంప్యూటర్‌లోని స్ప్రెడ్‌షీట్‌లో సాల్వర్ అనే సదుపాయాన్ని తెరిచి, చలరాశులు పూర్ణసంఖ్యలే కావాలన్న నిబంధనను చేర్చండి.